రోజుకొక గోరు

మా ఇంట్లో కాటుక అనే నాటు కుక్క ఉంది. నాలుగేళ్ళ క్రితం వానాకాలంలో, విజయవాడలోని మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆగి ఉన్న కారు కింద అది మాకు దొరికింది. ఒళ్ళంతా నలుపే గాని, ముందు ఎడమ కాలు మాత్రం మణికట్టు నుంచి కిందికి సున్నపు తొట్టిలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుంది. కుక్కల గోళ్ళ రంగు సాధారణంగా ఆ చోటి చర్మం రంగును అనుసరిస్తుంది. కాబట్టి కాటుకకు ఆ ఒక్క పాదం మీద ఉన్న 5 గోళ్ళు తెల్లవి, మిగిలిన 13 నల్లవి. ముందు కాళ్ళకు ఐదేసి, వెనుక కాళ్ళకు నాలుగేసి చొప్పున మొత్తం 18 గోళ్ళు. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

కాటుకకు ఏడాది నిండే సరికి అది హాల్లో నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపించడం మొదలైంది. గజ్జెలు కట్టుకున్న పిల్ల ఇంట్లో తిరుగుతున్నట్టుందని అమ్మ మురిసిపోయేది. మేమందరమూ ఆ చప్పుడును కుక్క ఉన్న ఇంటి సందడిగానే అనుకున్నాము. టీకా వేయించడానికి తీసుకువెళ్ళినప్పుడు పశువైద్యురాలు దానిని బల్ల మీద నిలబెట్టి, ముందు పాదాన్ని ఒకసారి చూసి, ఆ చప్పుడే గోళ్ళు పెరిగిపోయాయని చెప్పే గుర్తు అన్నారు. కుక్క నిటారుగా నిలబడినప్పుడు గోరు కొనకూ నేలకూ మధ్య ఒక కాగితం జారేంత సందు ఉండాలట. కాటుక గోళ్ళ కింద కాగితం దూరే మాట అటుంచి, గోళ్ళే నేలను తన్నుకుని వేళ్ళను పైకి ఎత్తుతున్నాయి.

గోరు నేలను తాకుతూ ఉంటే కుక్క ఆ ఒత్తిడిని తప్పించుకోవడానికి పాదాన్ని వెనక్కి వాల్చి నడుస్తుంది. వేళ్ళు విచ్చుకుంటాయి, మణికట్టు మీద బరువు పడే తీరు మారుతుంది, వయసు మళ్ళిన కుక్కలకు కీళ్ళ నొప్పులు మరింత పెరుగుతాయి. దానికి తోడు మన ఇళ్ళలో ఇప్పుడు పరుస్తున్న నున్నటి టైల్స్, గ్రానైట్ ఉన్నాయి. నేల మీద పట్టు దొరకవలసినది అరికాలి మెత్తలతో. ఆ మెత్తలు సరిగ్గా ఆనకుండా గోళ్ళు అడ్డుపడితే, పరుగెత్తి వచ్చిన కుక్క మలుపు దగ్గర జారి గోడకు కొట్టుకుంటుంది. కాటుక అలా జారినప్పుడల్లా మేము నవ్వేవాళ్ళము. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో, దివిసీమ వైపు, ప్రతి ఇంటి అరుగు కిందా ఒక కుక్క ఉండేది. వాటిలో ఒక్కదానికైనా ఎవరూ గోళ్ళు కత్తిరించిన జ్ఞాపకం నాకు లేదు. అవసరమే ఉండేది కాదు. కంకర రోడ్డు మీద తిరిగి, పొలం గట్లు ఎక్కి దిగి, మధ్యాహ్నం చల్లదనం కోసం మట్టి తవ్వుకుని పడుకునే కుక్కకు గోళ్ళు వాటంతట అవే అరిగిపోతాయి. కాటుక మూడో అంతస్తులో ఉంటుంది. పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట ఏలూరు కాలువ గట్టున నడుస్తుంది; తక్కిన కాలమంతా టైల్స్ మీదే. వేసవిలో ఇది ఇంకా తగ్గుతుంది. మే నెలలో మా ఊరి తారు రోడ్డు మీద పగటి పూట కుక్కను నడిపిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి కాబట్టి, తెల్లవారక ముందే నాలుగు అడుగులు వేయించి తీసుకువచ్చేస్తాము. నడక తగ్గితే అరుగుదలా తగ్గుతుంది. అందువల్ల కాటుక గోళ్ళు మాకు అన్ని నెలలకన్నా ఎండాకాలంలోనే ఎక్కువ పని పెడతాయి.

గోళ్ళు తీయించడానికి మొదటిసారి దానిని ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. పేరు అనవసరం. మూతికి చిక్కం వేసి, ఇద్దరు మనుషులు కాటుకను బల్ల మీద పక్కకు పడవేసి అదిమిపట్టగా, మూడోవారు 18 గోళ్ళనూ అయిదు నిమిషాలలో కత్తిరించారు. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఎద్దులకు లాడాలు కొట్టడం చూశాను. ఎద్దును పడదోసి, నాలుగు కాళ్ళూ కలిపి తాళ్ళతో కట్టేవారు. నాకు అప్పుడు అదే గుర్తుకు వచ్చింది. అయితే ఎద్దు బరువు వేరు, ఆ పని అవసరం వేరు. పదిహేడు కిలోల కుక్కకు ఆ తతంగం దేనికో నాకు అర్థం కాలేదు. మూడు గోళ్ళకు రక్తం వచ్చింది. ఇంటికి వచ్చాక కాటుక మంచం కిందికి దూరి రాత్రి దాకా బయటకు రాలేదు. ఆ తరువాత కొన్ని వారాల పాటు, నాన్నగారు తన గోళ్ళు తీసుకోవడానికి నెయిల్ కట్టర్ టిక్కుమనిపించినా చాలు, అది లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేది.

ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించుకుని మంచి కత్తెర ఒకటి కొన్నాను గాని, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ప్రయత్నించినా రెండు గోళ్ళు దాటలేదు. నేను చెమటలు కక్కుతూ, అది ఎగశ్వాసతో రొప్పుతూ కూర్చుంటే, పేపరు చదువుకుంటున్న నాన్నగారు తల ఎత్తకుండానే, ‘రోజుకొకటి తియ్యరాదూ, నిన్ను తొందరపెట్టిందెవరు?’ అన్నారు. విసుగుతో అన్న మాటే అయినా నేను లెక్క వేసి చూశాను. 18 గోళ్ళు, 18 రోజులు. పందొమ్మిదో రోజుకు మళ్ళీ మొదటి గోరు దగ్గరకు వస్తాము. కుక్కలకు సాధారణంగా మూడు నాలుగు వారాలకు ఒకసారి గోళ్ళు తీయాలంటారు గనుక, రోజుకొక గోరు చొప్పున తీస్తే ఏ గోరుకూ గడువు దాటదు. కుక్కకు ఆ పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. పొరపాటు జరిగినా ఒక్క గోరు దగ్గరే జరుగుతుంది. గోళ్ళు తీసే రోజంటూ ఒకటి లేకపోవడంతో, ఆ రోజు కోసం భయపడవలసిన పనీ దానికి లేకుండా పోయింది.

అయితే ఆ ఒక్క గోరు దాకా రావడానికే మాకు రెండు నెలలు పట్టింది. ఈ దశను తొందరపడి దాటేయవద్దని నా మనవి. మొదట కత్తెర ప్రసక్తే లేదు. సాయంత్రం కాటుక నా పక్కన పడుకున్నప్పుడు భుజం మీద చెయ్యి వేసి, మోచేతి మీదుగా పాదం దాకా ఒకసారి నిమిరి, ఉడికించిన కోడి కార్జం ముక్క గోరంత పెట్టేవాడిని. పాదం తాకగానే అది కాలు లాక్కుంటే ఆ రోజుకు మోచేతి దగ్గరే ఆగిపోయేవాడిని. వారం పది రోజులకు పాదం నా చేతిలో వదిలేయడం నేర్చుకుంది. ఆ తరువాత ఒక్కొక్క వేలినీ కిందా పైనా మెల్లగా నొక్కడం. అలా నొక్కితే గోరు ముందుకు పొడుచుకు వస్తుంది, కత్తిరించేటప్పుడు పట్టుకోవలసిన తీరు కూడా అదే. ఆపైన కత్తెరను నేల మీద పెట్టి, దానిని వాసన చూడనిచ్చి ముక్క పెట్టడం, కత్తెరతో గోరును తాకి ముక్క పెట్టడం, దాని కాలికి దూరంగా ఒక ఎండు సేమ్యా పుల్లను కత్తెరతో టిక్కుమని విరిచి ముక్క పెట్టడం. సేమ్యా ఉపాయం అమ్మది. ఆ చప్పుడుకే కదా అది భయపడేది, చప్పుడును ముందు అలవాటు చెయ్యమంది. ఈ రెండు నెలలూ అరుగుదల కోసం వేరే ఏర్పాటు చేసుకున్నాము; దాని సంగతి ముందు ముందు చెబుతాను.

ఇక్కడ ముక్క పెట్టే వరుస ముఖ్యం. ముందు తాకి తరువాత పెట్టాలి. తిండి ఎర చూపి దగ్గరకు పిలిచి కాలు పట్టుకుంటే, కొన్నాళ్ళకు తిండినే అనుమానంగా చూడడం మొదలుపెడుతుంది. కుక్క అసౌకర్యాన్ని మొరగడానికి ముందే చాలా మర్యాదగా తెలియజేస్తుంది. ఆకలి లేకుండానే పెదవులు నాకుకుంటుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పుకుని కనుగుడ్ల తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్ళు బిగదీసుకుంటుంది. ఇవి చూసి కూడా మనం ఆగకపోతే గుర్రుమనడం తప్ప దానికి వేరే దారి ఉండదు. గుర్రుమన్నందుకు కొడితే, ఈసారి ఆ హెచ్చరిక లేకుండానే కరవడం నేర్చుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఈ విషయం మరీ జాగ్రత్తగా గమనించాలి.

గోరు లోపలి కట్టడం తెలియనిదే కత్తెర పట్టకూడదు. కుక్క గోరు మన గోరులా పలకగా ఉండదు. గుండ్రంగా, వంపు తిరిగిన కొమ్ములా ఉంటుంది. దాని నడుమ రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తటి భాగం ఒకటి మొదలు నుంచి కొన వైపు సాగి ఉంటుంది. ఇంగ్లీషులో దానిని క్విక్ అంటారు. మా ఇంట్లో ‘జీవం’ అనే అంటాము. జీవం దాటి ముందుకు పెరిగిన భాగాన్ని తీస్తే మనం గోళ్ళు తీసుకున్నట్టే, నొప్పి ఏమీ ఉండదు. జీవానికి కత్తెర తగిలితే నొప్పీ, రక్తమూ రెండూ వస్తాయి. తెల్ల గోళ్ళలో ఈ జీవం గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది. పక్క నుంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నల్ల గోరులో ఏమీ కనిపించదు. కాటుక తెల్ల పాదం నాకు అక్కరకు వచ్చింది ఇక్కడే. ఒకే కుక్కకు, ఒకే జత కాళ్ళకు, జీవం పొడవులో పెద్ద తేడా ఉండదు కాబట్టి, ఎడమ పాదం తెల్ల గోరు చూసి కుడి పాదం నల్ల గోరులో జీవం ఎంత దాకా ఉంటుందో అంచనా వేసుకుంటాను. ఆ అంచనాకు ఇవతల ఇంకొంచెం ఆగుతాను.

అన్నీ నల్ల గోళ్ళే ఉన్న కుక్కకు కూడా దారి ఉంది. గోరును ఒక్క కోతలో తీయకుండా, వక్కలు కత్తిరించినట్టు పలుచటి పొరలుగా, మిల్లీమీటరు చొప్పున తీస్తూ, ప్రతి కోత తరువాత కోసిన ముఖాన్ని చూడాలి. మొదట అది సుద్దలా పొడి పొడిగా తెల్లగా ఉంటుంది. ఇంకో రెండు కోతలకు ముఖం నునుపు దేరి, నడుమ బూడిద రంగులోనో నల్లగానో ఒక చుక్క కనిపిస్తుంది. జీవం దగ్గరపడిందనడానికి ఆ చుక్కే గుర్తు, అక్కడ ఆగిపోవాలి. మరొక గుర్తు గోరు కింది వైపు ఉంటుంది. బాగా పెరిగిన గోరును తిప్పి చూస్తే, కొన దగ్గర దొప్పలా గుంటగా ఉండి, మొదలు వైపు నిండుగా ఉంటుంది. ఆ గుంట ఉన్నంత మేర జీవం ఉండదు. నేను మొదటి కొన్ని వారాలూ గుంట భాగం తప్ప ఏమీ తీయలేదు.

మనుషుల నెయిల్ కట్టర్ చిన్న కుక్కపిల్లల పలుచటి గోళ్ళకు పనికివస్తుంది గాని, పెద్ద కుక్క గుండ్రటి గోరును అది కోయడానికి బదులు నలిపేస్తుంది, గోరు నిలువునా చీలిపోతుంది. కుక్కల కోసం దొరికే వాటిలో, గుండ్రటి కన్నంలో గోరు పెట్టి నొక్కితే బ్లేడు వచ్చి తెగ్గొట్టే రకం ఒకటి. పట్టకారులా రెండు వైపుల నుంచీ కోసే కత్తెర రకం మరొకటి. మధ్యరకం, పెద్ద కుక్కలకు రెండోదే చేతికి బాగా లొంగుతుంది. వీటి ధర సంగతి ఎలా ఉన్నా, పదును పోయిందంటే పక్కన పెట్టేయాలి. మొద్దుబారిన కత్తెర జీవాన్ని తాకకపోయినా, నలిపిన నొప్పికే కుక్క బెదురుతుంది. కొన్ని కత్తెరలకు ఎక్కువ తెగకుండా ఆపే చిన్న రేకు అడ్డు అమర్చి ఉంటుంది. దానిని నమ్ముకోవద్దు. ఆ అడ్డు ఉన్న దూరం ఒక్కటే, కుక్క కుక్కకూ జీవం ఉన్న దూరం వేరు.

స్నానం చేయించిన తరువాత గోళ్ళు నాని కొంచెం మెత్తబడతాయి కాబట్టి ఆ రోజు కోత తేలిక. వెలుతురు ఎంత ఉంటే అంత మంచిది; నేను బాల్కనీలో, పొద్దుటి వెలుగులో కూర్చుంటాను. కాటుకను పడుకోబెట్టను. అది నిలబడి ఉండగా దాని పక్కన, అది చూసే వైపే నేనూ చూస్తూ కూర్చుని, లాడం కొట్టేవాడు గుర్రం కాలును వెనక్కి మడిచినట్టు పాదాన్ని వెనక్కి మడిచి, అరికాలి మెత్తలు పైకి కనిపించేలా పట్టుకుంటాను. అలా పట్టుకుంటే కాలును దాని సహజమైన మడత దిశలోనే వంచుతాము, పక్కకు లాగము. పక్కకు లాగితే కుక్క భుజానికీ తుంటికీ ఇబ్బంది. కాలు లాక్కునే కుక్కలలో చాలా వాటికి అసలు కారణం ఆ నొప్పేనని నా అనుమానం. కోత మెత్తల అడుగుకు సమాంతరంగా, కొంచెం ఏటవాలుగా ఉండాలి. గోరు చుట్టూ వెంట్రుకలు ఎక్కువగా ఉంటే, పాత సాక్సు తొడిగి గోళ్ళను నేత గుండా బయటికి పొడుచుకు వచ్చేలా చేస్తే వెంట్రుకలు అడ్డు రావు.

ఈ పని జరిగే నిమిషం పాటు అమ్మ గోడకు ఒక స్టీలు పళ్ళెం ఆనించి, దానికి గట్టి పెరుగు పూసి పట్టుకుంటుంది. కాటుక దానిని నాకుతూ ఉంటుంది. అంతర్జాలంలో చాలామంది వేరుసెనగ వెన్న పూయమంటారు. అందులో కొన్ని రకాలలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు. అది కుక్కలకు విషం. మన ఇంటి పెరుగుకు ఆ గొడవ లేదు, ఖర్చూ లేదు.

కత్తెరంటే ఎంతకీ లొంగని కుక్కలకు మోటారుతో తిరిగే గ్రైండర్లు ఉన్నాయి. వాటితో గోరును కోయకుండా అరగదీస్తాము. ఒక గోరు మీద ఒకటి రెండు సెకన్లకు మించి ఆనించకుండా తీసి మళ్ళీ ఆనించాలి. లేకపోతే గోరు వేడెక్కి కాలుతుంది. పొడవు వెంట్రుకల కుక్కలకు ఆ వెంట్రుకలు తిరిగే ములికికి చుట్టుకునే ప్రమాదం ఉంది. గోరు పొడి ముక్కులోకి పోకుండా మనం ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నాకు మాత్రం దాని గుయ్యిమనే చప్పుడు కుక్కకన్నా ముందు నచ్చలేదు.

గోళ్ళ అరుగుదలకు నేను చెబుతానన్న వేరే ఏర్పాటు ఇదీ. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు ఉన్న పాత చెక్క మీద, వడ్రంగులు వాడే ఎమరీ కాగితం, 80వ నంబరుది, ఫెవికాల్‌తో అతికించాను. చెక్కను ఏటవాలుగా గోడకు ఆనించి, కాటుక దాని మీద ముందు పాదాలతో గీరినప్పుడల్లా ఒక ముక్క పెట్టాను. తవ్వడం కుక్కకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి మూడు రోజులలో నేర్చేసుకుంది. రోజుకు పది గీతలు చాలు, ముందు పాదాలకు నాలుగేసి గోళ్ళు బాగా అరుగుతాయి. ఎక్కువ సేపు వదిలేస్తే మెత్తలు కూడా గీరుకుపోతాయి గనుక, పని కాగానే చెక్కను అటక మీద పెట్టేయాలి. వెనుక గోళ్ళకూ, బొటనవేలి గోరుకూ ఇది పనికిరాదు. మొదటి నెలల్లో గోళ్ళు మరీ పొడవుగా ఉన్నప్పుడు కత్తెరా, ఈ చెక్కా రెండూ కలిసి మాకు మేలు చేశాయి. పొడవాటి గోరులో జీవం కూడా పొడవుగా సాగి ఉంటుంది; ఒక్కసారిగా పొట్టిగా తీయబోతే రక్తం ఖాయం. కొన భాగం తరచుగా అరుగుతూ ఉంటే జీవం కూడా నెమ్మదిగా వెనక్కి తగ్గుతుంది. కాటుక గోళ్ళ కింద కాగితం దూరడానికి దాదాపు అయిదు నెలలు పట్టింది.

ఆ బొటనవేలి గోరు మాట ప్రత్యేకంగా చెప్పాలి. ముందు కాళ్ళకు లోపలి వైపు, నేలకు ఎత్తుగా వేలాడుతున్నట్టుండే అయిదో గోరు ఇది. సాధారణ నడకలో నేలను తాకదు, అందువల్ల అరిగే అవకాశం తక్కువ. వెంట్రుకలలో దాక్కుని, సున్నా చుట్టినట్టు వంపు తిరుగుతూ పెరిగి, చివరికి తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. మా కింది అంతస్తులోని బామ్మగారి తెల్ల బొచ్చుకుక్క రెండు వారాల పాటు కుంటుతూ తిరిగితే, ముసలితనమనే అందరూ అనుకున్నారు. బొచ్చు పక్కకు తీసి చూస్తే గోరు కొన మెత్తటి చర్మంలోకి దిగి చీము పట్టి ఉంది. అంత దూరం వచ్చిన గోరును ఇంట్లో లాగకూడదు. డాక్టరుగారు మత్తు సూది ఇచ్చి తీసి, మందులు రాశారు. నాలుగో రోజుకు ఆ ముసలి కుక్క మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. కొన్ని కుక్కలకు వెనుక కాళ్ళకు కూడా ఈ అదనపు గోరు ఉంటుంది. మీ కుక్కకు ఉందో లేదో చూపుతో నమ్మకండి, వేలితో తడిమి చూసుకోండి.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక రోజు రక్తం వస్తుంది. నాకు కోత మొదలుపెట్టిన ఆరో వారంలో వచ్చింది. ఒక్క గోరే కదా అని ధీమాగా ఉన్నవాడిని, టైల్స్ మీద ఎర్రటి పాదముద్రలు చూసేసరికి చేతులు ఆడలేదు. అమ్మ పసుపు డబ్బా తెచ్చింది. పసుపు అద్దితే నేల పచ్చనైంది గాని రక్తం ఆగలేదు. నాన్నగారు గడ్డం గీసుకునే పెట్టెలోంచి పటిక తెచ్చి, రోట్లో నలగగొట్టి ఇచ్చారు. ఆ పొడిని గోరు కొనకు అద్ది, శుభ్రమైన గుడ్డతో మూడు నిమిషాల పాటు వదలకుండా నొక్కిపట్టాను. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టినది ఊడి మళ్ళీ మొదలవుతుంది. కుక్కల సామాన్ల దుకాణాలలో ఇందుకోసమే స్టిప్టిక్ పౌడర్ అమ్ముతారు, అది ఇంకా త్వరగా పనిచేస్తుంది. చేతిలో లేకపోతే పటిక, అదీ లేకపోతే మొక్కజొన్న పిండి. రక్తం ఆగాక ఒక గంట సేపు నడకకు తీసుకువెళ్ళకుండా, బురదలో తిరగనివ్వకుండా చూడాలి. నొప్పి తగ్గుతుందని మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయవద్దు, వాటిలో కొన్ని కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు గోరు రక్తం అయిదు పది నిమిషాలలో ఆగుతుంది. ఇరవై నిమిషాలు నొక్కిపట్టినా కారుతూనే ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మన ప్రాంతంలో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలలో ఎర్లికియోసిస్ అనేది కుక్క రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను తగ్గించివేస్తుంది. పైకి కుక్క కొంచెం నలతగా ఉన్నట్టే ఉంటుంది. గోరు తెగినప్పుడో, ముక్కు నుంచి రక్తం వచ్చినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. నా స్నేహితుడొకరి లాబ్రడార్ విషయంలో అలాగే జరిగింది. గోరు రక్తం ఆగలేదని తీసుకువెళితే, రక్తపరీక్షలో జ్వరం దొరికింది.

గోమార్లు వేళ్ళ సందులలో చేరడానికి ఇష్టపడతాయి కాబట్టి, గోరు తీసిన పాదాన్ని వదిలే ముందు ఆ సందులన్నీ విప్పి చూడడం నాకు అలవాటైంది. వానాకాలంలో నడక నుంచి రాగానే పాదాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవాలి. తడి నిలిచిపోతే బూజు చేరుతుంది. గోరు మొదలు దగ్గర గోధుమ రంగు జిగురు కనిపించినా, కుక్క అదే పనిగా పాదాలు నాకుతున్నా, అది గోరు కత్తెరతో తీరే సమస్య కాదు. అలాగే, దెబ్బ తగలకుండానే ఒకటికి మించిన గోళ్ళు, ఒకటికి మించిన పాదాల మీద, వరుసగా చీలి ఊడుతుంటే అది లోపలి జబ్బుకు సూచన కావచ్చు. గుమ్మానికో మెట్టుకో తగిలి ఒక్క గోరు సగం విరిగి వేలాడుతుంటే, శుభ్రమైన గుడ్డ చుట్టి తీసుకువెళ్ళడం తప్ప, ఇంట్లో పీకే సాహసం చేయకండి.

మనకు తగిలే గీతల మాట కూడా మరచిపోకూడదు. ఒకసారి కాటుక కాలు లాక్కుంటే నా ముంజేతి మీద గోరు గీరుకుని రక్తం చిమ్మింది. దానికి టీకాలన్నీ వేయించాము, అయినా అమ్మ ఊరుకోలేదు. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, అదే పూట ఆసుపత్రికి వెళ్ళాను. రేబిస్ క్రిమి ఉండేది ఉమ్మిలో. పాదాలు నాకుకునే జంతువు గోళ్ళకు ఆ ఉమ్మి అంటుకుని ఉండవచ్చు. డాక్టరుగారు కుక్క టీకాల పుస్తకం అడిగి చూసి, ఏమి చేయాలో చెప్పారు. ఇంటి కుక్కే కదా అని ఆ నిర్ణయాన్ని మనమే తీసుకోకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో ఈ పని లెక్క నాన్నగారిది. వంటగది గోడకున్న తెలుగు క్యాలెండరులో పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే గడిలోనే, పాలకు పైన చిన్న అక్షరాలతో ఆ రోజు గోరు సంగతి రాస్తారు. ‘ము.ఎ.2’ అంటే ముందు ఎడమ పాదం రెండో వేలు, ‘వె.కు.4’ అంటే వెనుక కుడి నాలుగో వేలు. కాటుకకు మనసు బాగోలేని రోజున అక్కడ అడ్డగీత పడుతుంది, వరుస ఒక రోజు వెనక్కి జరుగుతుంది. పోయిన నెల పాల డబ్బు కోసం వచ్చిన కుర్రవాడు ఆ గడులు చూసి, ‘వె.కు. అంటే వెన్న కుండా సార్?’ అని అడిగాడు. నాన్నగారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని, వరండాలో నిద్రపోతున్న కాటుక దగ్గరకు అతన్ని తీసుకువెళ్ళి, వెనుక కుడి పాదం ఎత్తి చూపించారు. కాటుక ఒక కన్ను తెరిచి, పళ్ళెం ఎక్కడా కనిపించకపోయేసరికి మళ్ళీ మూసుకుంది.